కారు స్టీరియో, వెనక కెమెరా: స్వయంగా బిగించే పద్ధతి

ఫిజిక్సు లాబులో సర్క్యూట్లు కలిపినవారికి ఇది పెద్ద పనేం కాదు. మా పాత కారుకి నేనే బిగించాను. పాటల మోజుతో కాదు. మా సందులో పిల్లలు ఆడుతుంటారు, రివర్సులో అద్దాల్లో కనబడరు.

ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. స్టీరియో తీగల్లో సాధారణంగా పసుపుపచ్చది ఎప్పుడూ 12 వోల్టులుండే తీగకి, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటొచ్చే తీగకి, నల్లది బాడీకి కలపాలి. నేను పసుపూ ఎరుపూ తారుమారు చేశాను. తాళం తీసినప్పుడల్లా గడియారం, స్టేషన్లు అన్నీ మర్చిపోయేది! కారు వైపు తీగల రంగులు మాత్రం నమ్మకండి, మల్టీమీటరు పెట్టి చూడండి.

స్పీకరు నెగటివ్‌ని బాడీకి కలపడం పాతకాలపు అలవాటు. ఇప్పటి సెట్లలో స్పీకరు రెండు తీగలమీదా దాదాపు 6 వోల్టులుంటాయి. ఒకటి బాడీకి తగిలిందా, లోపలి యాంప్లిఫయరు చిప్ కాలిపోవచ్చు. రెండూ నేరుగా స్పీకరుకే పోవాలి.

కెమెరాకి కరెంటు రివర్సు లైటు నుంచి తీసుకోవాలి. అక్కణ్ణుంచే మరో తీగ స్టీరియో రివర్సు తీగకి కలిపితే, గేరు వెయ్యగానే తెరమీద బొమ్మ వస్తుంది.

అయితే ఆ కటకం వెడల్పు చూపుది గనక వస్తువు ఉన్నదానికన్నా దూరంగా కనబడుతుంది. బకెట్టు మీటరు దూరాన పెట్టి, మా చెల్లెలు జరుపుతూంటే, తెర చూస్తూ సాయంత్రమంతా లెక్క నేర్చుకున్నాను.