జీవో రాకముందే చెప్పాల్సిన మాట

సముద్రానికి గట్లు లేవు గానీ గీతలు మాత్రం బోలెడున్నాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలదే, మరబోట్లు అందులోకి రాకూడదని ఒక గీత. 12 నాటికల్ మైళ్ల దగ్గర, అంటే సుమారు 22 కిలోమీటర్ల దగ్గర, చేపలవేట మీద రాష్ట్రం అధికారం ఆగి కేంద్రం అధికారం మొదలయ్యే గీత ఇంకొకటి. 200 నాటికల్ మైళ్ల దగ్గర మన దేశపు ప్రత్యేక ఆర్థిక మండలి ముగుస్తుంది. ఇవి కాక ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు, ఇంజిను పడవలు వేటకు వెళ్లకూడదని క్యాలెండరు మీద గీసిన గీత ఒకటి. ఇన్ని గీతల మధ్య బతుకుతున్న మత్స్యకారుడికి వీటిని దాటితే ఏమవుతుందో బాగా తెలుసు. జరిమానా పడుతుంది, పడవ ఆగిపోతుంది, రాయితీ పోతుంది. అసలు వీటిని గీసేముందు తన మాట వినమని అడిగే హక్కు ఉందా అన్నది మాత్రం తెలియదు, ఎవరూ చెప్పరు. ఆ హక్కు ఉంది. అయితే ఒక్క చట్టంలో, ఒక్క సెక్షన్‌లో లేదు. నాలుగైదు చోట్ల ముక్కలుగా ఉంది. పైగా దానికి కాలపరిమితి ఉంది. ఉత్తర్వు ముసాయిదాగా ఉన్నప్పుడు ఒక్క కాగితంతో అయ్యే పని, జీవో వచ్చాక ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా కాకపోవచ్చు.

ముందు అధికారం ఎవరి చేతిలో ఉందో చూడాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో చేపల పరిశ్రమ రాష్ట్రాల జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలు దాటాక జరిగే వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. మన రాష్ట్రానికి 1994లో చేసిన సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం ఉంది. ఏ ప్రాంతంలో, ఏ కాలంలో, ఏ రకం వలతో వేటాడవచ్చో నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇస్తుంది. గమనించాల్సింది ఇక్కడే. చట్టాన్ని శాసనసభ చేసింది, దాని మీద చర్చ జరిగింది. కానీ వల కన్ను ఎంతుండాలి, ఏ వల ఎక్కడ వేయాలి అన్న సంగతులు శాసనసభకు రావు, సచివాలయంలో తేలిపోతాయి. మత్స్యకారుడి కడుపుకు తగిలేవి ఆ నోటిఫికేషన్లే. ఎమ్మెల్యేని నిలదీయడం ఎంత అవసరమో, మత్స్యశాఖ ఫైలు మీద తన మాట ఎక్కించుకోవడం అంతకన్నా ఎక్కువ అవసరం.

ఇక్కడొక చేదు నిజం చెప్పాలి. అందరికీ వర్తించే నిబంధన తయారుచేయడం శాసన స్వభావం ఉన్న పని కాబట్టి, మూల చట్టమే చెబితే తప్ప ప్రతి ఒక్కరినీ పిలిచి వినాల్సిన పని లేదన్నది మన న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం. ఒక్క పడవ మీద జరిమానా వేసేటప్పుడు యజమాని వాదన వినాల్సిందే, అది సహజ న్యాయం. వెయ్యి పడవలను ఒక్క జీవోతో ఆపేటప్పుడు మాత్రం ఆ రక్షణ దానంతటది రాదు. ఇందులోని వింత సుప్రీంకోర్టు దృష్టికీ వచ్చింది. 2016లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కాల్‌డ్రాప్ నిబంధనను కొట్టేస్తూ, నిబంధనలు చేసే ముందు ప్రజలను సంప్రదించడాన్ని తప్పనిసరి చేసే చట్టం తెస్తే బాగుంటుందని పార్లమెంటుకు సూచించింది. అమెరికాలో అలాంటి చట్టం ఉండటాన్ని ప్రస్తావించింది కూడా. ఆ దేశంలో 1976 నాటి మాగ్నసన్-స్టీవెన్స్ చట్టం కింద చేపలవేట మీద ఎనిమిది ప్రాంతీయ మండళ్లున్నాయి. అవి ముందుగా ప్రకటించి, జనం మధ్య సమావేశమవుతాయి. మన దగ్గర కేంద్రం 2014 ఫిబ్రవరిలో ఒక విధానం తెచ్చింది. ఏ బిల్లయినా, నిబంధనలయినా ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. అది ఎవరి మీద ఎలా పడుతుందో తేలిక భాషలో వివరించాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని బయటపెట్టాలి. మంచి విధానమే గానీ చట్టం కాదు. కుదరదనుకుంటే కారణం రాసుకుని శాఖ పక్కకు తప్పుకోవచ్చు. పైగా అది కేంద్ర శాఖలకు చెప్పిన మాట.

మరి పట్టుకోవడానికి గట్టి కొమ్మ ఏది? 2005 నాటి సమాచార హక్కు చట్టం. దీన్ని అందరూ అర్జీ పెట్టి జవాబు తెచ్చుకునే చట్టంగానే చూస్తారు. నాలుగో సెక్షన్‌ను చదివేవాళ్లు తక్కువ. విధానాల రూపకల్పనలో ప్రజలను సంప్రదించడానికి ఏ ఏర్పాటు ఉందో ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే ప్రకటించాలని 4(1)(బి) కింద ఏడో అంశం చెబుతుంది. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని 4(1)(సి) చెబుతుంది. పరిపాలనా నిర్ణయాలకు కారణాలేమిటో, వాటివల్ల ప్రభావితులైనవారికి తెలపాలని 4(1)(డి) చెబుతుంది. మొదటిది సంప్రదింపుల ఏర్పాటును, రెండోది నిర్ణయానికి ముందు వాస్తవాలను, మూడోది తర్వాత కారణాలను బయటపెట్టమంటోంది. సముద్రం అన్న మాట ఆ చట్టంలో ఎక్కడా లేకపోయినా, మత్స్యశాఖ కూడా ప్రభుత్వ కార్యాలయమే కాబట్టి ఈ మూడూ దానికీ వర్తిస్తాయి.

ముందే వినకపోతే ఏమవుతుందో మూడు దశాబ్దాల చరిత్ర చెబుతోంది. 1991లో కేంద్రం లోతు సముద్రాన్ని విదేశీ కంపెనీలతో కలిసి నడిపే ఉమ్మడి సంస్థలకు తెరిచింది. తీరమంతా భగ్గుమంది. సమ్మెలు, రేవుల దిగ్బంధాలు, 1995లో మత్స్యకార నాయకుడు థామస్ కొచ్చేరి నిరాహార దీక్ష. అప్పుడు గానీ ఆ విధానాన్ని సమీక్షించడానికి వేసిన మురారి కమిటీలో మత్స్యకారుల గొంతుకు చోటు దొరకలేదు. 1996లో ఆ కమిటీ 21 సిఫార్సులు చేసింది, ఆ మరుసటి ఏడు విధానం వెనక్కి పోయింది. 2014లో లోతు సముద్ర వేటపై వేసిన మీనాకుమారి కమిటీ నివేదికతో అదే కథ మళ్లీ మొదలైంది. ఇందులో మావాళ్లేరన్నదే మత్స్యకార సంఘాల ప్రధాన ఆక్షేపణ. ఆ నివేదిక వెనకాలే వచ్చిన లోతు సముద్ర అనుమతి పత్రాల మార్గదర్శకాలను 2017 జనవరిలో రద్దు చేశారు. 2021లో సముద్ర మత్స్య బిల్లు పార్లమెంటు జాబితా దాకా వచ్చి, నిరసనల మధ్య ప్రవేశపెట్టకుండానే ఆగిపోయింది. ఇవన్నీ మత్స్యకారుల గెలుపులే, కాదనను. కానీ ఎంత ఖరీదైన గెలుపులు! రెండు మూడేళ్ల ఆందోళన, పోగొట్టుకున్న వేట రోజులు, కేసులు. ప్రభుత్వానికీ మిగిలిందేమీ లేదు. ముసాయిదా దశలోనే కూర్చోబెట్టి అడిగి ఉంటే ఎటు చూసినా తేలిగ్గా పోయేది.

మన ఒడ్డు సంగతే తీసుకోండి. విశాఖ తీరంలో రింగువలల వివాదం 2022 జనవరిలో పడవలు తగలబెట్టుకునే దాకా పోయింది, 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఒకరిది పెట్టుబడి పెట్టి కొన్న వల. ఇంకొకరిది, ఆ వల కవళ్లు, కానాగంతల గుంపునంతా ఊడ్చేస్తే మా తెప్పకు ఏం మిగులుతుందన్న భయం. ఇది పోలీసులు తేల్చే తగవు కాదు. ఎక్కడ, ఎంత దూరంలో, ఏ కన్ను వల అన్న నిబంధన ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాస్తే నిలబడుతుంది. కేరళ 2017లో తన చట్టాన్ని సవరించి గ్రామం, జిల్లా, రాష్ట్రం అని మూడంచెల మత్స్య యాజమాన్య మండళ్లను చట్టంలోనే పెట్టింది. అలాంటి వేదిక మనకూ కావాలని అడగడానికి విశాఖ గొడవను మించిన సాక్ష్యం అక్కర్లేదు. మరో విడ్డూరం చూడండి. తీరంలో ఓడరేవు కట్టాలంటే 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి, ఆ జిల్లాలోనే బహిరంగ విచారణ జరపాలి. అదే తీరంలో వేల కుటుంబాల వలను ఆపాలంటే మాత్రం ఊళ్లో ఒక్క సమావేశమైనా పెట్టాలన్న పట్టింపు లేదు.

దీనికి అధికారుల నుంచి మొదట వచ్చే మాట, చేపల సంతతి లెక్కలు శాస్త్రవేత్తల పని, ఊరి సభలో చేతులెత్తించి తేల్చేది కాదని. సగం నిజమే. ఎంత చేప మిగిలింది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది అన్నది శాస్త్రమే చెప్పాలి. ఆ మిగిలిన చేపలో ఎవరి వాటా ఎంత, నిషేధం భారం ఎవరి మీద పడాలి అన్నది మాత్రం శాస్త్రం చెప్పదు. అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. కేరళ ప్రభుత్వం తన ప్రాదేశిక జలాల్లో పర్స్‌సీన్ వలలను నిషేధించినప్పుడు జోసెఫ్ ఆంటొనీ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టింది. చేపల సంపదనే కాదు, సంప్రదాయ మత్స్యకారుల బతుకునూ కాపాడుకునే బాధ్యత ప్రభుత్వానికి ఉందన్నది ఆ తీర్పు సారం. బతుకు తూకంలో ఉన్నప్పుడు ఆ బతుకు బతికేవాడి సాక్ష్యం లేకుండా తూకం ఎలా వేస్తారు? వేట నిషేధం కాలాన్ని 2015 నుంచి 61 రోజులకు పెంచారు. అన్ని రకాల చేపలూ ఒకే కాలంలో గుడ్లు పెట్టవన్న సంగతి ఒడ్డున ఎవరినడిగినా చెబుతారు. దాన్ని బట్టి నిషేధం వద్దనడం తప్పు. ఎప్పుడు, ఏ వలకు అన్న చర్చలో వాళ్ల లెక్క కూడా ఉండాలనడం ఒప్పు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకోటుంది. మత్స్యకారులు అంటే ఒక్క గొంతు కాదు. మరబోటు యజమానికి కావాల్సింది తెప్పవాడికి అక్కర్లేదు, యజమాని మాట పడవలో పనిచేసే కళాసీ మాట కాదు. సంప్రదింపులు పెడితే డబ్బు, సంఘం, పరిచయాలు ఉన్నవాళ్లదే పైచేయి అవుతుంది. ఇది నిజం, దీనికి తేలిక జవాబు లేదు. నిషేధ కాలపు భృతినే చూడండి. 2025లో మన రాష్ట్రంలో దాన్ని 20,000 రూపాయలకు పెంచారు. అది పడవ మీద వేటకెళ్లేవారి లెక్కతో ఇచ్చేది. అదే రెండు నెలలు గంపలో చేప లేక కూర్చునే అమ్మకందారు మహిళ, ఎండుచేపలు ఆరబెట్టే మహిళ ఆ లెక్కలోకి రారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదకు వెళ్లే కళాసీలకు వర్తించేది పడమటి తీరపు నిషేధం, అది జూన్ 1న మొదలవుతుంది. వాళ్ల మాట అడగాల్సింది ఏ ప్రభుత్వం? సంప్రదింపులు పక్షపాతంగా సాగుతాయన్న భయం అసలు సంప్రదించకపోవడానికి కారణం కాకూడదు. ఎవరిని పిలిచారు, ఎవరొచ్చారు, ఎవరేమన్నారు అన్నది రాతలో ఉండాలని పట్టుబట్టడానికి కారణం కావాలి. రాత ఉంటే, పిలవని వాళ్లెవరో అందులోనే బయటపడుతుంది.

మన కాగితం బుట్టలోకే పోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. పోవచ్చు. అయినా రసీదు ఉన్న కాగితానికీ, నోటి మాటకూ కోర్టులో భూమ్యాకాశాల తేడా. రేపు హైకోర్టులో రిట్ వేస్తే న్యాయమూర్తి చూసేది ఫైలునే. ఈ అభ్యంతరం మీ ముందుందా, దానికేం జవాబు రాశారు అన్న ప్రశ్నకు శాఖ సమాధానం చెప్పుకోవాలి. అందుకే అర్జీలో ఆవేశం తగ్గించి వివరం పెంచాలి. ఏ ఊరు, ఎన్ని పడవలు, ఏ వల, ఎన్ని బారల లోతులో వేట, ప్రతిపాదిత నిబంధనలో ఏ వాక్యం ఎలా మారాలి అన్నది రాయాలి. జిల్లా మత్స్యశాఖ అధికారికి ఒకటి, సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒకటి ఇచ్చి రెండింటికీ రసీదు తీసుకోవాలి. పడవను పట్టుకుంటే, జరిమానా ఉత్తర్వు కారణాలతో సహా రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయవచ్చు. 1987 చట్టం కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. భృతి లెక్కలోకి రాని మహిళలు ముందుగా వాడుకోదగ్గ తలుపు ఇదే.

ఇప్పుడు అడగాల్సిన తాజా సంగతి ఒకటుంది. ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపలవేటకు కేంద్రం 2025 నవంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. మరబోట్లు, పెద్ద ఇంజిను పడవలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి. సంప్రదాయ, చిన్న పడవలకు, ఇంజిను ఉన్నా లేకున్నా, అది అక్కర్లేదు. సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇస్తామన్నారు. ఎల్‌ఈడీ దీపాలతో వేట, జంట బోట్లతో వల లాగడం నిషేధం. కాగితం మీద చూస్తే చిన్నవాళ్లకు మేలే. ఆ ప్రాధాన్యం మన జిల్లాలో ఏ సంఘానికి అందింది, అనుమతులు ఎవరికి వెళ్లాయి, అమలు మీద ఎవరిని సంప్రదిస్తున్నారు అన్నవి సమాచార హక్కు కింద అడగదగ్గ ప్రశ్నలు. రుసుము మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయంలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు వేయాలి, దాన్ని సాధారణంగా మరో 30 రోజుల్లో తేల్చాలి. పడవలు ఒడ్డునుండే ఏప్రిల్ 15న అర్జీ పెడితే మే నెల మధ్యలో జవాబు రావాలి. రాకుంటే వెంటనే వేసిన అప్పీలు మీద ఉత్తర్వు, మళ్లీ వేటకు బయల్దేరే జూన్ 15 నాటికి చేతికి రావాలి.