కబడ్డీ కోర్టు నుంచి రగ్బీ మైదానానికి

ఐర్లాండ్‌కు చెందిన లిండ్సే పీట్ మొదట బాస్కెట్‌బాల్‌లో దేశం తరఫున ఆడారు. తర్వాత 2010లో డబ్లిన్ జట్టుతో గేలిక్ ఫుట్‌బాల్ ఆల్ ఐర్లాండ్ టైటిల్ గెలిచారు. రగ్బీలో దేశం జెర్సీ తొడిగింది 2015లో, ముప్పై దాటాకే.

హుస్నాబాద్‌లో కబడ్డీ, ఖోఖో ఆడే ఇంటర్ అమ్మాయిలకు ఈ సంగతి పనికొస్తుంది. బ్యాడ్మింటన్ లాంటి ఆటల్లో చిన్నప్పుడే రాకెట్ పట్టకపోతే పైకి రావడం కష్టం. రగ్బీలో ఆలస్యంగా వచ్చినా చోటుంటుంది. మన దేశ మహిళల 15 మంది జట్టు తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడిందే 2018లో. మరుసటేడే సింగపూర్‌ను 21-19తో ఓడించింది.

కబడ్డీలో క్యాచర్‌గా ఆడినవాళ్లకు ఎదుటి మనిషిని పడగొట్టడం కొత్తేం కాదు. కానీ ఒక అలవాటు మానాలి. కబడ్డీలో రైడర్ కూత ఆగేదాకా పట్టు వదలరు. రగ్బీలో మనిషి కిందపడగానే వదిలేసి పక్కకు జరగాలి, లేదంటే పెనాల్టీ. చేతులు చుట్టకుండా భుజంతో డ్యాష్ కొట్టినా, మెడ పట్టుకున్నా తప్పే. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. మొదటి నెలంతా దీంతోనే తికమక!

ఇక డబ్బు సంగతి. ఐర్లాండ్ అమ్మాయిలు 2013లో సిక్స్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలిచి గ్రాండ్‌స్లామ్ కొట్టారు. 2014 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌నే ఓడించారు. అయినా ఆ జట్టు కెప్టెన్ ఫియోనా కోగ్లన్ బడిలో పీఈటీ, సహచరి నీవ్ బ్రిగ్స్ పోలీసు ఉద్యోగి. అక్కడి 15 మంది ఆటలో మహిళలకు జీతాల కాంట్రాక్టులు మొదలైంది 2022లో. మన దగ్గర 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఉంది కానీ, ఆ తొలి ఏడాది ఆడింది మగవాళ్లే. కాబట్టి రగ్బీ కోసం చదువు ఆపేస్తామంటే నేనైతే ఒప్పుకోను.

డిగ్రీ అయ్యాక పీఈసెట్ రాసి... కాదు, పరిగెత్తి, దూకి, గుండు విసిరి బీపీఈడీలో చేరొచ్చు. ఇంటర్‌తోనే అయితే డీపీఈడీ ఉంది. పీఈటీ పోస్టులకు దారి ఈ కోర్సులే. రెఫరీయింగ్ కూడా ఒక దారే, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఐర్లాండ్ 2013 జట్టులో ఆడిన జాయ్ నెవిల్ ఆట మానేశాక విజిల్ పట్టి, 2017లో వరల్డ్ రగ్బీ ఉత్తమ రెఫరీగా ఎంపికయ్యారు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకునేవాళ్లు మాత్రం తాము చూసే నోటిఫికేషన్ జాబితాలో రగ్బీ ఉందో లేదో, ఏ స్థాయి సర్టిఫికెట్ చెల్లుతుందో ముందే చూసుకోవాలి. ఊళ్లో ఇచ్చే టోర్నీ కాగితాలు ఎన్నున్నా లాభం లేదు.

శిక్షణలో చేరేముందు తల్లిదండ్రులు కోచ్‌ను ఒక్క ప్రశ్న అడగాలి: తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే అమ్మాయిని వెంటనే బయటకు పంపుతారా? నియమం అదే. "కాసిని నీళ్లు తాగి మళ్లీ ఆడిస్తాం" అంటే అక్కడ చేర్చొద్దు.