దిగిపోయిన లిథియం బ్యాటరీ విషయమై చిరంజీవికి లేఖ

బ్రిటన్‌లో క్యాంపర్‌వాన్ కొనుక్కున్న చిరంజీవికి ఆశీస్సులు.

వాన్ లోపలి దీపాలకు, చిన్న ఫ్రిజ్‌కు, నీటి పంపుకు కరెంటు అందించే బ్యాటరీని అక్కడివారు లీజర్ బ్యాటరీ అంటారు. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ దీనికి వేరు. లీజర్ బ్యాటరీగా నేడు విరివిగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి మూలమైన పరిశోధనను టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం 1997లో ప్రకటించింది. ఈ రకంలో ఒక్కొక్క సెల్ 3.2 వోల్టులది కాగా, నాలుగింటిని వరుసగా కలిపితే 12.8 వోల్టుల బ్యాటరీ అవుతుంది.

శీతాకాలమంతా వాన్ కదలకుండా ఉన్నాక మీటరు పెట్టి చూస్తే దాదాపు సున్నా కనిపించవచ్చు గాని, అంతమాత్రాన బ్యాటరీ చచ్చిపోయిందని తీర్మానించకూడదు. బ్యాటరీ లోపల కావలి కాసే సర్క్యూటును బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని, క్లుప్తంగా బీఎంఎస్ అని వ్యవహరిస్తారు. ఏ సెల్ అయినా సుమారు 2.5 వోల్టులకు దిగగానే బీఎంఎస్ కరెంటు బయటికి వెళ్ళే దారిని మూసివేస్తుంది కనుక, మీటరుకు సున్నా కనిపించినా లోపల కొంత మిగిలే ఉంటుంది. తిండిగింజలు నిండుకున్నా విత్తనపు గింజలను గొళ్ళెం వెనుక దాచిన గాదెవంటిది ఆ స్థితి.

కాబట్టి ముందుగా వాన్‌లోని స్విచ్చులన్నీ ఆపి, బ్యాటరీ ఉబ్బిందా, పగిలిందా, వాసన వస్తోందా అని పరీక్షించాలి. వీటిలో ఏది కనిపించినా ఛార్జింగ్ జోలికి పోకుండా నిపుణునికి అప్పగించాలి. లోపమేమీ లేకపోతే, లిథియం కోసమే తయారైన, నిద్రపోయిన బీఎంఎస్‌ను మేల్కొలిపే సదుపాయం ఉన్న ఛార్జర్‌ను తగిలించాలి. మామూలు ఛార్జర్ ఎదుట వోల్టేజి కనబడక పని మొదలుపెట్టకపోవచ్చు. మేల్కొన్న బ్యాటరీకి మొదట కొద్దికొద్దిగానే కరెంటు ఎక్కించడం మేలు. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి 5 నుంచి 10 ఆంపియర్లు చాలు. లెడ్-యాసిడ్ బ్యాటరీలకు వాడే డీసల్ఫేషన్ పద్ధతిని, అంటే అధిక వోల్టేజితో పలకలపై పేరుకున్న సల్ఫేటును కరిగించే విధానాన్ని, దీనిపై ప్రయోగించకూడదు. నిండిన మరో బ్యాటరీని నేరుగా జతచేస్తే అదుపులేని కరెంటు ఉరుకుతుంది గనుక, అనుభవం లేనివారు ఆ సాహసానికి పూనుకోరాదు.

చలిని మరవకూడదు. సెల్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే తక్కువగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకక, ఆనోడ్ మీద లోహపు పూతగా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి పూడేది కాదు. మంచు కురిసిన ఉదయం బ్యాటరీ నిజంగా వెచ్చబడేదాకా ఆగడమే దాని ఆయువును కాపాడుతుంది. ఛార్జ్ అవుతూ వేడెక్కినా, గంటలు గడిచినా వోల్టేజి పెరగకపోయినా వెంటనే ఆపివేయాలి. చాలాకాలం మరీ లోతుగా దిగిన సెల్‌లో రాగి రేకు కరిగి, తర్వాతి ఛార్జింగ్‌లో లోపలే షార్టు అయ్యే ప్రమాదం ఉండడమే దీనికి కారణం.

ఇలా దిగిపోవడానికి పెద్ద తప్పేమీ అక్కరలేదు. అలారం, రేడియో మెమరీ వంటివి కలిసి 0.1 ఆంపియరు తాగినా రోజుకు 2.4 ఆంపియర్-అవర్ చొప్పున, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ 6 వారాల లోపే ఖాళీ అవుతుంది. వాన్‌ను నిలిపివేసే ముందు బ్యాటరీని సగం దాకా నింపి, ఐసొలేటర్ అనే మెయిన్ స్విచ్ తిప్పి, నెలకొకసారి చూసుకునే చిరంజీవికి ఆ గొళ్ళెం పడే రోజే రాదు.

ఆశీస్సులతో,
శ్రేయోభిలాషియైన పెద్ద