నిలుచుండి తినుట

పలాస స్టేషనులో రైలు కొద్ది నిమిషములే ఆగును. ప్రయాణికులు దిగి, అంగడి చుట్టును నిలిచి, ఇడ్డెనలు తిని, టీ త్రాగి మరల బండి యెక్కుదురు. “కూర్చుండక తినుట మర్యాదయా?” అని కొందరు పెద్దలందురు.

జపానులో ఈ అలవాటు పాతది. టోక్యో నగరమునకు 1868 వరకు ఎడో అని పేరు. అచ్చటి పనివాండ్రకు తీరిక తక్కువ. వారు వీధి అంగళ్ల యెదుట నిలుచుండియే, అన్నపు ముద్దపై చేపముక్క నుంచిన ‘సుషీ’ని తినెడివారు. నేటికిని అచ్చటి రైలు స్టేషన్లలో కుర్చీలు లేని చిన్న భోజనశాలలు కలవు. వచ్చినవారు బల్ల యెదుట నిలిచి, ‘సోబా’ అను పొడవైన సేమియాను వేడి చారుతో తిని, వెంటనే వెడలిపోవుదురు. చోటు తక్కువ పట్టును. కావున వెలయు తక్కువ.

ఇందు మరియొక మేలు కలదు. మన దేశమున పూర్వము భోజనమునకు పంక్తి భేదములుండెడివి. బ్రిటిషు పాలనలో రైలు స్టేషన్లలో త్రాగునీరు సయితము హిందువులకును, ముస్లిములకును వేరువేరుగా నిచ్చెడివారు. నిలుచుండి తినుచోట పంక్తి లేదు. జీడిపప్పు వర్తకుడును, ఉద్దానపు తోటల జీడిపిక్కలు కొట్టు కూలియు ప్రక్కప్రక్కనే నిలిచి తినవచ్చును.

మర్యాద ఆసనమునందు లేదు. చేతులు కడుగుకొనుటయందును, అన్నము పారవేయకుండుటయందును, ప్రక్కవానికి చోటిచ్చుటయందును కలదు.