పక్క బల్ల ఎవరిది?

బీఆర్క్ పూర్తిచేసి జపాన్‌లో మాస్టర్స్ చేస్తామంటూ సలహా అడిగే అమ్మాయిలు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. సంతోషమే. అయితే అందరూ అడిగేవి అవే ప్రశ్నలు: ఫలానా ప్రొఫెసర్‌కి ఎంత పేరుంది, క్యాంపస్ ఎలా ఉంటుంది, టోక్యోలో అద్దెలెంత. అవన్నీ అడగాల్సినవే తల్లీ, కాదనను. కానీ ఆర్కిటెక్చర్ ల్యాబ్‌లో నీ చదువు ఎలా సాగుతుందో సగానికి సగం తేల్చేది నీ పక్క బల్ల దగ్గర కూర్చునే సీనియర్. ఆ మనిషి గురించి మాత్రం ఒక్కరూ వాకబు చేయరు.

ల్యాబ్ అనగానే మా అత్తయ్య, “సిమెంటు దిమ్మలు పగలగొట్టి చూస్తారేమిటే?” అంది. కట్టడాల బలం పరీక్షించే ల్యాబుల్లో ఆ పనీ ఉంటుంది. డిజైన్, చరిత్ర, ఇళ్ళ ప్లానింగ్ చూసే ల్యాబుల్లో మాత్రం వరసగా బల్లలు, పుస్తకాలు, ఓ పెద్ద ప్రింటరు, మూలన అట్టపెట్టెల్లో పాత మోడళ్ళు కనిపిస్తాయి. జపాన్‌లో దీన్ని కెన్‌క్యూషిత్సు అంటారు. ఒక్కో ప్రొఫెసర్ పేరు మీద ఒక్కో ల్యాబ్. నాలుగేళ్ళ డిగ్రీలో చివరి ఏడాదికి పిల్లలు ఏదో ఒక ల్యాబ్‌లో చేరతారు. వాళ్ళు బీ-ఫోర్లు. మాస్టర్స్ మొదటి ఏడాది వాళ్ళు ఎమ్-వన్లు, రెండో ఏడాది వాళ్ళు ఎమ్-టూలు. పీహెచ్‌డీ వాళ్ళు ఆ పైవరస. ఏప్రిల్‌లో కొత్తవాళ్ళు దిగుతారు, మార్చిలో పెద్దవాళ్ళు బల్ల ఖాళీ చేసి వెళ్తారు. మనిషికో బల్ల, అందరికీ కలిపి ఓ ఫ్రిజ్, ఓ రైస్ కుక్కర్. అన్నట్టు, ఆ జిగురు బియ్యంతో పులిహోర కలపాలని మాత్రం చూడకండి. ముద్దకట్టి కూర్చుంటుంది, నిమ్మకాయలు దండగ.

మనకన్నా ముందు చేరినవాళ్ళంతా సెంపైలే. నాకు దొరికిన సెంపై ఒక ఎమ్-టూ అమ్మాయి, మాట తక్కువ మనిషి. స్టైరీన్ బోర్డు కోయడం నాకు నేర్పింది ఆవిడే. మన కాలేజీల్లో ఫోమ్ బోర్డు అంటామే, ఆ జాతిదే: మధ్యలో తెల్లటి నురుగు పలక, రెండువైపులా పల్చటి కాగితం. రెండు గోడలు మూలన కలిసేచోట ఊరికే అతికిస్తే నురుగు అంచు బయటికి కనిపించి మోడల్ చవకబారుగా ఉంటుంది. అందుకని ఒక గోడ చివర, బోర్డు మందమెంతో అంత వెడల్పున, లోపలివైపు కాగితాన్నీ నురుగునూ కోసి తీసేస్తారు. బయటి కాగితం ఒక్కటే రెపరెపలాడుతూ మిగలాలి. అది వెళ్ళి రెండో గోడ అంచును కప్పేస్తుంది. వినడానికి ఇంతే. చెయ్యి కాస్త బరువైతే ఆ కాగితమూ తెగుతుంది, తేలికైతే నురుగు తుంపులు తుంపులుగా అంటుకుని ఊడిరాదు. 30 డిగ్రీల మొన ఉన్న సన్న బ్లేడు వాడాలి, మొద్దుబారిందనిపించగానే మొన విరిచేయాలి. బ్లేడు దగ్గర పొదుపు పనికిరాదు. ఇదంతా ఆవిడ నాకు పాఠంలా చెప్పలేదు. నాకు కనబడేలా కుర్చీ కాస్త ఇటు జరుపుకుని, తన మోడల్ తను కోసుకుంటూ పోయింది. చెట్ల కోసం ఎండిన జిప్సోఫిలా కొమ్మలు తుంచి గుచ్చింది. బొకేల్లో గులాబీల మధ్య నింపుతారు చూడండి, ఆ తెల్లటి చిన్న పూలు. 1/100 స్కేలులో ఒక్కో రెమ్మ నిండు చెట్టే.

వారానికోసారి జెమీ ఉంటుంది, అంటే సెమినార్. చేస్తున్న పని సెన్సే ముందు, అంటే ప్రొఫెసర్ ముందు, అందరి ముందు పెట్టాలి. మెచ్చుకోళ్ళు ఆశించకండి. పావుగంట మౌనంగా కాగితాలు తిప్పి, “ఈ ఇంట్లో చెత్తబుట్ట ఎక్కడ పెడతారు?” అని అడిగే సెన్సేలు ఉంటారు. ఏడుపొస్తుంది. ఆ రాత్రే ప్లాన్‌లో చెత్తబుట్టకి చోటు దొరుకుతుంది కూడా.

జపాన్ ల్యాబుల్లో నాకు బాగా నచ్చింది మాత్రం కొలతల పని. వేసవి సెలవుల్లో ల్యాబంతా మూటాముల్లె సర్దుకుని ఏ పల్లెకో, పాత రేవుకో వెళ్ళి అక్కడి ఇళ్ళు కొలుస్తారు. ఒకరు టేపు కొస పట్టుకుంటారు, ఒకరు అంకె పైకి చదువుతారు, ఇంకొకరు గళ్ళ కాగితం మీద రాసుకుంటారు. ఇప్పుడు లేజర్ మీటర్లు వచ్చాయనుకోండి, అయినా దూలం కింద దూరి చూడాలంటే మనిషే వెళ్ళాలి. మిల్లీమీటర్లలో చదువుతుంటే 909, 1818 చుట్టూ తిరిగే అంకెలే పదే పదే వస్తుంటాయి. ఎందుకంటే ఆ ఇల్లు కట్టిన వడ్రంగి మీటర్లలో ఆలోచించలేదు. ఆయన కొలత షాకు, సుమారు 303 మిల్లీమీటర్లు. ఆరు షాకులు ఒక కెన్. స్తంభాల మధ్య దూరం, తలుపు వెడల్పు, చాప పొడవు అన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. ఎక్కడైనా అంకె తేడాగా వచ్చిందో, అక్కడేదో కథ ఉన్నట్టే. కోడలు వచ్చాక గది పెంచి ఉంటారు, లేదా పశువుల కొట్టాన్ని వంటిల్లు చేసి ఉంటారు. ఆ కథ ఇంటి బామ్మని అడిగితే తెలుస్తుంది. ఆవిడ టీ పోసి కూర్చోబెడితే టేపు పక్కన పడేసి వినాలి. టేపు కన్నా ఆవిడ దగ్గర దొరికేదే ఎక్కువ.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. వసేదా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన వాజిరో కోన్ అనే ఆయన పల్లెల్లో రైతుల ఇళ్ళు గీసుకుంటూ తిరిగాడు. 1923లో టోక్యోను భూకంపం కూల్చేశాక, జనం రేకులూ చెక్కలూ ఏరుకుని వేసుకున్న గుడిసెల్ని కూడా వదలకుండా బొమ్మలేశాడు. 1925లో గింజా వీధిలో నడిచేవాళ్ళ బట్టల్ని లెక్కకట్టించాడు, ఎవరు కిమోనో, ఎవరు కోటు అని.

అసలు మీకు చెప్పాలని నేను ఉబలాటపడుతున్నది వంటింటి సంగతి. జపాన్ వాళ్ళ పాత ఇళ్ళలో ఒకే చాపల గది పగలు కూర్చునే గది, భోజనాల వేళకి పొట్టి బల్ల వేస్తే తినే గది, రాత్రి పరుపులు పరిస్తే పడకగది. పెద్దలంతా దీన్ని గొప్పగా చెప్పుకునేవారు, చోటెంత కలిసొస్తోందో చూడండని. క్యోటో యూనివర్సిటీకి చెందిన ఉజో నిషియామా మాత్రం మాటలు నమ్మకుండా మామూలు జనం ఇళ్ళకి వెళ్ళి చూశాడు. ఎంత ఇరుకింట్లో అయినా తినేచోటూ పడుకునేచోటూ వేరుగా ఉంచుకోవడానికే జనం తంటాలు పడుతున్నారని 1940ల మొదట్లో తేల్చాడు. ఇది మనకి కొత్తా చెప్పండి? ఒంటిగది కాపురంలోనూ పక్కబట్టల మీద అన్నం కంచం పెడితే మన అమ్మమ్మలు ఊరుకునేవారా?

యుద్ధం అయిపోయింది. ఊళ్ళకి ఊళ్ళు కాలిపోయి ఉన్నాయి, లక్షల ఇళ్ళు కావాలి. టోక్యో యూనివర్సిటీలో యసుమి యోషిటాకె ల్యాబ్ వాళ్ళు, వాళ్ళలో షిగెబుమి సుజుకి అనే కుర్ర పరిశోధకుడు, 1951లో ప్రభుత్వ అపార్టుమెంట్ల కోసం ఒక ప్లాన్ గీశారు. దాని పేరు 51సీ. సుమారు 12 త్సుబోలు, అంటే మన లెక్కలో 430 చదరపు అడుగులు. అంత చిన్న ఇంట్లో పడకగదుల్ని వేరుచేసి, వంటింటిని కాస్త పెంచి, అక్కడే తినేలా పెట్టారు. 1955లో ఏర్పడిన హౌసింగ్ కార్పొరేషన్ ఆ పద్ధతినే ఊరూరా కట్టింది. జనానికి కుర్చీబల్లల అలవాటు లేదని మొదట్లో కొన్ని ఇళ్ళలో బల్ల కూడా వాళ్ళే అమర్చారు. ఇవాళ జపాన్‌లో అద్దె ఇంటి ప్రకటనల్లో 2డీకే, 3ఎల్‌డీకే అని కనిపిస్తూనే ఉంటుంది. ఆ డీకే, డైనింగ్ కిచెన్, పుట్టింది ఇలా ఇళ్ళమ్మట తిరిగి చూసిన ల్యాబుల లెక్కల్లోంచే.

ఆ వంటింట్లోకి స్టెయిన్‌లెస్ స్టీలు సింకు వచ్చిన కథలో ఒక ఆడమనిషి ఉంది, మిహో హమగుచి. జపాన్‌లో ఫస్ట్ క్లాస్ ఆర్కిటెక్ట్ లైసెన్సు తీసుకున్న మొదటి మహిళ ఆవిడే. జపాన్ ఇళ్ళలో వంటిల్లు ఉత్తరపు చీకటి మూలన ఎందుకుంది, వచ్చేపోయే అతిథికి మాత్రం వెలుతురు గది ఎందుకని 1949లోనే పుస్తకం రాసి కడిగేసింది. తర్వాత హౌసింగ్ కార్పొరేషన్ వంటిళ్ళ డిజైన్‌లో పనిచేసింది. అప్పటిదాకా గచ్చుతో చేసిన తొట్లే సింకులు. ఆ డీకే ఇళ్ళలో మెరిసే స్టీలు సింకు చూసి ఆడవాళ్ళు ఎంత మురిసిపోయి ఉంటారో! మగవాళ్ళ ల్యాబుల్లో కొలతలు తీశారు, నిజమే. అంట్లు తోమేటప్పుడు నడుము ఎక్కడ నొప్పెడుతుందో మాత్రం ఆ కొలతల్లోకి రావాలంటే హమగుచి లాంటివాళ్ళు కావాలి.

ఇంత మెచ్చుకున్నాక ల్యాబుల ఇంకో ముఖం కూడా చెప్పకపోతే అక్కగా నేను మీకు అన్యాయం చేసినట్టే. చదువు ముగించేముందు డిప్లొమా డిజైన్ సమర్పించే రోజులు, జనవరి ఫిబ్రవరి నెలలు, ఒకటే జాతర. బీ-ఫోర్ల మోడళ్ళకి కింది క్లాసుల పిల్లలు వచ్చి సాయం చేస్తారు, చేయించుకునేవాళ్ళు అన్నం పెడతారు. బాగా కుదిరిన డిజైన్లు మార్చిలో సెందాయ్ మీడియాటెక్‌లో జరిగే దేశవ్యాప్త పోటీకి వెళ్తాయి. 2003 నుంచి జరుగుతోందది. అంతవరకూ బాగానే ఉంది. కానీ బల్ల కింద స్లీపింగ్ బ్యాగులో పడుకుని లేచి, మొహం కడుక్కోకుండా మళ్ళీ కట్టర్ పట్టుకోవడాన్ని ఘనకార్యంలా చెప్పుకునే ల్యాబులున్నాయి. సెన్సేకి బయటి నుంచి వచ్చిన ప్రాజెక్టుకి నెలల తరబడి ఉచితంగా పనిచేయించుకుని, చివరికి ఎక్కడా ఆ పిల్లల పేరు వేయని చోట్లూ చూశాను. “నేర్చుకుంటున్నావు కదా” అంటారు. నేర్చుకుంటే పేరు వేయకూడదని ఎక్కడ రాసుంది?

కెంజో టాంగె ల్యాబ్‌నే చూడండి. టోక్యో యూనివర్సిటీలో ఆయన దగ్గర చేరిన కుర్రాళ్ళు హిరోషిమా శాంతి స్మారకానికి పనిచేశారు, 1960లో టోక్యో అఖాతం మీదికి నగరాన్ని పరిచే ప్లాన్ గీశారు. ఆ ప్లాన్ మీద అరాటా ఇసొజాకి, కిషో కురొకావా, కోజి కామియా లాంటి శిష్యుల పేర్లు టాంగె పేరుతోపాటే అచ్చయ్యాయి. టాంగెకి 1987లో ప్రిట్జ్‌కర్ బహుమతి వస్తే, ఇసొజాకికి 2019లో వచ్చింది. పేరు వేసినంత మాత్రాన గురువు చిన్నబోలేదు. ఆ జట్టులో ఆడపేరు మాత్రం కనబడదు, అది వేరే బాధ.

ఆడపిల్లలకి నేను తరచూ చెప్పే పేరు ఇత్సుకో హసెగావా. ఒక పేరున్న ఆఫీసులో ఉద్యోగం మానుకుని, టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కాజువో షినొహారా ల్యాబ్‌లో చేరి ఏళ్ళ తరబడి పనిచేసింది. తర్వాత సొంత ఆఫీసు పెట్టి, 1986లో ఫుజిసావాలోని షోనన్‌దాయ్ సాంస్కృతిక కేంద్రం పోటీ గెలిచింది. గెలిచి ఊరుకుందా? ఊళ్ళోవాళ్ళని పిలిచి సభ మీద సభ పెట్టి, వాళ్ళు అడిగినవన్నీ విని మరీ కట్టింది. ఆమెది బామ్మ దగ్గర టీ తాగే ఓపిక అని నాకనిపిస్తుంది.

మనవాళ్ళకీ ఈ పని కొత్తేం కాదు. మన ఆర్కిటెక్చర్ విద్యార్థులు తమ జాతీయ సంఘం నాసా పెట్టే పోటీల్లో లూయీ కాన్ ట్రోఫీ కోసం పాత ఊళ్ళ ఇళ్ళు కొలిచి గీస్తూనే ఉంటారు. జపాన్ దాకా వెళ్ళకుండా అక్కడి ల్యాబుల వాళ్ళ చేతిపని చూడాలనుకుంటే సంగారెడ్డి దగ్గర కందికి వెళ్ళండి. ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో జపాన్ సహకారంతో లేచిన భవనాల్లో కొన్నింటికి డిజైన్ చేసింది టోక్యో యూనివర్సిటీ ప్రొఫెసర్లే.

సరే, వెళ్ళాలని గట్టిగా అనుకున్నవాళ్ళకి. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఎంబసీ ద్వారా పెట్టుకోవచ్చు. ఎంబసీ వడపోత దాటాక, మిమ్మల్ని తీసుకుంటామని ఒక యూనివర్సిటీ నుంచి అంగీకార పత్రం తెచ్చుకోవాలి. సెన్సేకి ఉత్తరం రాసే ముందు ఆయన రాసిన పేపర్ ఒకటైనా చదవండి. “మీ ల్యాబ్ ప్రపంచ ప్రసిద్ధం” అని మొదలుపెట్టకండి, ఆయనకి తెలుసు. జవాబు వచ్చాక, ల్యాబ్‌లో ఉన్న ఒక విదేశీ విద్యార్థితో మాట్లాడించమని మర్యాదగా అడగండి. ఆ పిల్లని అడగండి: రాత్రిళ్ళు ఉండక తప్పదా? బయటి ప్రాజెక్టు పనికి డబ్బిస్తారా? జెమీ ఏ భాషలో? కిందటి మార్చిలో వెళ్ళినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు? తెలియనిది అడిగితే ఎవరు చెబుతారు? చివరి ప్రశ్నకి ఆ పిల్ల టక్కున ఒక పేరు చెప్పిందంటే సగం బెంగ తీరినట్టే.

పెట్టెలో పచ్చళ్ళు ఎలాగూ అమ్మ సర్దుతుంది. మీరు మటుకు చిరుగుల్లేని సాక్సులు బోలెడు పెట్టుకోండి. ఏ ఇల్లు కొలవడానికి వెళ్ళినా గుమ్మంలోనే బూట్లు విప్పించేస్తారు.