శాంక్షన్: అనుమతి, ఆంక్ష రెండూ

లోన్ శాంక్షన్ అయిందంటే అందరికీ సంతోషమే. అదే మాట అంతర్జాతీయ వార్తల్లో కనిపిస్తే అర్థం తలకిందులవుతుంది. పర్యాయపదాల ప్రశ్నల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

అనుమతి అనే అర్థంలో దీనికి అప్రూవల్, ఆథరైజేషన్, పర్మిషన్ పర్యాయపదాలు. వ్యతిరేకపదం ప్రొహిబిషన్. అవినీతి నిరోధక చట్టం, 1988లోని 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి కేసును కోర్టు విచారణకు స్వీకరించాలంటే ముందుగా కావలసిన శాంక్షన్ ఈ కోవలోదే. పాలిటీ చదివేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

రెండో అర్థం శిక్ష, ఆంక్ష. పెనాల్టీ, ఎంబార్గో దీనికి దగ్గరి పదాలు. ఎంబార్గో ముఖ్యంగా వాణిజ్య నిషేధానికే వాడతారు. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్‌పై 1990 ఆగస్టు 6న భద్రతామండలి 661వ తీర్మానంతో విధించినవి ఈ ఆంక్షలే. 1998 పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత అమెరికా మనపైనా విధించింది.

మరి పరీక్షలో ఏది ఎంచుకోవాలి? పదం బహువచనంలో ఉండి, వెనక ‘ఆన్’ లేదా ‘అగైనెస్ట్’ వచ్చి, ఆపై దేశం పేరుంటే దాదాపుగా ఆంక్షలే. బడ్జెట్, పోస్టులు, సెలవు ప్రస్తావన ఉంటే మంజూరు. క్రియగా వాడినప్పుడు మాత్రం వాక్యం మొత్తం చదవాల్సిందే, ఎందుకంటే ‘శాంక్షన్డ్’ రెండు వైపులా చెల్లుతుంది.