బండి ఎక్కడ నిలపాలి?

108 నంబరుకు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుందని మీకు తెలుసు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఈ సేవ తరువాత కర్ణాటక, తమిళనాడు మొదలైన రాష్ట్రాలకూ విస్తరించింది. పిలిచాక బండి ఎంతసేపటిలో వస్తుందనేది, పిలవకముందు అది ఎక్కడ నిలిచి ఉందన్న దానిపై ఆధారపడుతుంది.

ఒక తిన్నని రోడ్డును ఊహించండి. దానిపై ఐదు ఊళ్లు. మొదటి ఊరినుండి కొలిస్తే రెండవది 2, మూడవది 4, నాలుగవది 6 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఐదవది మాత్రం విడిగా 20వ కిలోమీటరు వద్ద ఉంది. జనాభా అన్నిటా సమానమే. ఉన్నది ఒకే బండి. దానిని ఎక్కడ నిలుపుదాం?

"రోడ్డుకు నడిమధ్య" అని చాలామంది వెంటనే చెబుతారు. అంటే 10వ కిలోమీటరు వద్ద. అప్పుడు ఐదు ఊళ్ల దూరాల మొత్తం 38 కిలోమీటర్లు, సగటు 7.6. మూడవ ఊరిలో నిలిపితే మొత్తం 24, సగటు 4.8 మాత్రమే. కాగితంమీద కూడి చూడండి. కంటికి తోచిన చోటు లెక్కకు నిలవలేదు కదా!

తొందరపడకండి. బండి నిమిషానికి ఒక కిలోమీటరు పోతుందనుకుంటే, మూడవ ఊరినుండి ఐదవ ఊరు చేరడానికి 16 నిమిషాలు పడుతుంది. నడిమధ్య ఉంటే ఏ ఊరికైనా 10 నిమిషాలకు మించదు. పాము కరిచినవాడు ఐదవ ఊరివాడైతే అతనికి సగటుతో పనేమిటి?

ఊళ్లు పెరిగితే మన కాగితం చాలదు. 30 ఊళ్లలో ఏవైనా ఐదింటిలో ఒక్కొక్క బండి నిలపడానికి 1,42,506 విధాలున్నాయి. ఎంత అనుభవజ్ఞుడైనా అన్నిటినీ మనసులో తూచలేడు, కంప్యూటరు తూచగలదు. అయితే ఏమని అడగాలి? ప్రతి ఊరికీ నిర్ణీత సమయంలో చేరాలంటే కనీసం ఎన్ని కేంద్రాలు కావాలని 1971లో టొరెగాస్, రెవెల్ మొదలైన పరిశోధకులు అమెరికాలో అడిగారు. ఉన్న కొద్ది కేంద్రాలతోనే అత్యధిక జనానికి అందేదెట్లాగని 1974లో చర్చ్, రెవెల్ అడిగారు. 5 నిమిషాల గడువు పెడితే, మొదటి ప్రశ్నకు మన రోడ్డుమీద రెండు బండ్లు కావాలి. రెండవ ప్రశ్నకు ఒక బండి ఉంటే అది రెండవ ఊరిలోగాని మూడవ ఊరిలోగాని నిలవవచ్చు, ఐదవ ఊరు విడిచిపోతుంది.

1970ల తొలినాళ్లలో న్యూయార్క్ నగరం కంప్యూటరు లెక్కల సాయంతో కొన్ని అగ్నిమాపక కేంద్రాలను మూసివేసింది. ఆ లెక్కలు ప్రయాణకాలాన్ని చూశాయిగాని, తరచు నిప్పంటుకునే పేటల్లో బండ్లు అప్పటికే మరొక మంట వద్ద ఉంటాయన్న సంగతిని తగినంతగా పట్టించుకోలేదని విమర్శకులు ఆక్షేపించారు.

మన రోడ్డుమీద 12వ కిలోమీటరు వద్ద రైల్వే గేటు ఉందనుకోండి. అక్కడ బండి 8 నిమిషాలు ఆగుతుందని డ్రైవరుకు తెలుసు. ఎవరూ చెప్పకపోతే కంప్యూటరుకు తెలియదు. ఆ 8 నిమిషాలనూ కలిపి, అన్నిటికన్నా ఆలస్యంగా బండి చేరే ఊరు వీలైనంత తక్కువసేపు ఎదురుచూసేటట్లు, బండిని ఎక్కడ నిలపాలో మళ్లీ లెక్క వేయండి.